కరెంటు ఒకటే, ఫలితం వేరు: గడ్డలో దాగిన వైరస్ కథ

ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి వైపు నుంచి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి విశాఖ వెళ్లే ఆడవాళ్లను చూస్తూనే ఉంటాం. ఒకే స్టేజి, ఒకే డోసు. ఒకామెకి గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. ఇంకొకామెకి కొన్నాళ్లకే తిరగబెడుతుంది. 'ఆవిడ ఒళ్లు తట్టుకుంది, ఈవిడది తట్టుకోలేదు' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కానీ కారణాల్లో కొన్ని ఆ గడ్డలోనే ఉంటాయి.

ఈ జబ్బుకి రేడియేషన్ వైద్యం కొత్తది కాదు. 1903 నాటికే అమెరికాలో రేడియంతో మొదలైంది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్‌కి కూడా రేడియమే పెట్టారు. అయినా క్యాన్సర్ ఒళ్లంతా పాకి ఆమె ఆ ఏడాదే చనిపోయింది. ఆమె గడ్డ నుంచి, ఆమెకి చెప్పకుండానే, తీసిన కణాలు 'హీలా' పేరుతో నేటికీ ల్యాబుల్లో పెరుగుతున్నాయి. ఆ గడ్డకి మూలం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్)లో 18వ రకం అని దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్‌లో 1983లో హెచ్‌పీవీ-16ని, ఆ మరుసటి ఏడాది 18ని పట్టుకుంది. ఆయనకి 2008లో నోబెల్ వచ్చింది.

వైరస్ ఎప్పుడో అంటుకుని పోయింది, ఇప్పుడున్నది క్యాన్సరే కదా అనుకుంటాం. అలా కాదు. గడ్డ పెరిగాక కూడా వైరస్ జన్యువులు రెండు, ఈ-6, ఈ-7, దాదాపు అన్ని కేసుల్లోనూ పనిచేస్తూనే ఉంటాయి. రేడియేషన్ కణంలోని డీఎన్‌ఏని తెగ్గొడుతుంది. ఆ దెబ్బ తగిలిన కణాన్ని ఆపేది, బాగుపడకపోతే చావనిచ్చేది పీ-53 అనే ప్రొటీన్. ఈ-6 సరిగ్గా దాన్నే నాశనం చేయిస్తుందని 1990లో తేలింది. ఈ-7 మరో అడ్డుని తొలగించి కణం ఆగకుండా చీలేలా చేస్తుంది.

మరి పీ-53 లేకపోతే రేడియేషన్ అసలు పనిచేయకూడదు కదా? చాలామందికి పనిచేస్తోంది. ఈ చిక్కుముడే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. చాలా క్యాన్సర్లలో పీ-53 జన్యువే చెడిపోతుంది. ఇక్కడ ఎక్కువ మందిలో జన్యువు బాగానే ఉంటుంది, ప్రొటీన్‌ని మాత్రం ఈ-6 నిలవనివ్వదు. హీలా కణాల్లో వైరస్ జన్యువుల నోరు నొక్కితే పీ-53 మళ్లీ లేచి కణాల పెరుగుదల ఆగిపోయిందని 2000లో చూపించారు. గొంతు క్యాన్సర్లలోనైతే హెచ్‌పీవీ ఉన్నవాళ్లే వైద్యం తర్వాత ఎక్కువ కాలం బతుకుతున్నారని 2010లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ముఖద్వార క్యాన్సర్‌లో వైరస్ దాదాపు అందరిలోనూ ఉంటుంది. కాబట్టి ఇప్పుడు పరిశోధకులు చూస్తున్నది వైరస్ ఉందా లేదా అని కాదు. ఈ-6, ఈ-7 ఎంత జోరుగా పనిచేస్తున్నాయి, ప్రొటీన్ తయారీకి ఈ-6 జన్యువు పంపే సందేశం పూర్తిగా తయారవుతోందా, ముక్కలై పొట్టిగా వస్తోందా అని. పొట్టిది పీ-53ని నాశనం చేయలేదు. వైరస్ జన్యువులు అసలు పనిచేయని కొద్దిపాటి గడ్డలు మరింత మొండివిగా ఉంటున్నాయి. వైరస్ ఎక్కువైతే చెడు, తక్కువైతే మంచి అని సూటిగా చెప్పలేం.

వైరస్ జన్యువుల జోరుని పరీక్షించి డోసు మార్చే పద్ధతి ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. ప్రస్తుతం రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తారు. 1999లో వరసగా వచ్చిన అధ్యయనాలతో అది స్థిరపడింది. అయితే ఆ మందు కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట లాంటి ఉద్దానం మండలాల నుంచి వచ్చే ఆవిడకి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడాలి. అది ఎక్కువుంటే ఈ మందు ఇవ్వడం కుదరకపోవచ్చు. రక్తం తక్కువున్నా ఇబ్బందే, ఆక్సిజన్ అందని గడ్డ రేడియేషన్‌కి లొంగదు.

బయటి నుంచి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, తర్వాత లోపల పెట్టే బ్రాకీథెరపీ, అంతా కలిపి ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. మధ్యలో పండగకనో, కోతలకనో ఇంటికొచ్చి ఆగిపోతే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. రోజూ బస్సులో వెళ్లొచ్చే వైద్యం కాదిది. వైరస్ జన్యువుల లెక్క తేలేలోపు, ఆ ఎనిమిది వారాలు ఆవిడకి, తోడున్న మనిషికి ఆసుపత్రి దగ్గర్లో బస, భోజనం ఏర్పాటు చేయడం ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని.