డేటు దాటితే ఆగాలా, నొప్పులు రప్పించాలా? పాలమూరు, నల్లగొండల్లో ఈ ప్రశ్న వెనుక కథ

తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన బిడ్డ గురించి పాలమూరులోనైనా, నల్లగొండలోనైనా వాడకట్టంతా అడిగేది ఒకటే: "డేటెప్పుడిచ్చిన్రు?" ఆ డేటు దగ్గరపడి నొప్పులు రాకపోతే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. ఇంకో నాల్రోజులు చూద్దామని ఒకరంటారు. సూది వేసి నొప్పులు రప్పించమని ఇంకొకరంటారు. ఇంత తిప్పలెందుకు, మంచిరోజు చూసి ఆపరేషన్ చేయించేద్దామని మూడో గొంతు. ఈ మూడిట్లో నడిమి దారి, అంటే తల్లికీ బిడ్డకూ ఏ ఇబ్బందీ లేకున్నా నెలలు నిండాక మందుతో నొప్పులు రప్పించడం (డాక్టర్ల మాటలో ఇండక్షన్), 2018 నుంచి ప్రపంచమంతటా కాన్పు వైద్యుల మధ్య పెద్ద చర్చ. దక్షిణ తెలంగాణలో ఆ దారికి ఎక్కువ నోరు లేదు. అట్లా ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నొప్పులు రప్పించాలన్న ఆలోచన దవాఖానతో పుట్టింది కాదు. మంత్రసాని కాలంలో తొమ్మిదో నెల నిండాక కడుపులో పట్టేసినట్టుంటే ముందు జీలకర్ర కషాయం ఇచ్చేవారు. నిజం నొప్పులైతే పెరుగుతాయి, ఉత్తివైతే తగ్గుతాయి అని లెక్క. నొప్పులు ఎంతకీ రాకపోతే ఆముదం. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల చెల్క భూములు ఆముదం పంటకు పేరున్నవి. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆ పంట మీద ఏళ్లుగా పని జరుగుతోంది. ఆ నూనె చేసే పనికి 2012లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగులోనూ గర్భసంచిలోనూ ఒకే రకం గ్రాహకాలను తట్టిలేపుతుంది. ప్రోస్టాగ్లాండిన్ అనే సహజ రసాయనానికి స్పందించే గ్రాహకాలు అవి. ఇవాళ లేబర్ రూములో పెట్టే జెల్, మాత్ర నడిచే దారి కూడా అదే. అట్లాగని ఇంట్లో తాగించమని కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నొప్పులు మొదలయ్యేలోపే తల్లి నీరసించిపోతుంది. ఎంత తాగితే ఎంత పని చేస్తుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

వైద్యుల వైపు కథ 1756 దాకా పోతుంది. కటి ఎముక ఇరుకైన తల్లుల్లో బిడ్డ పెద్దదయ్యేలోపే ఉమ్మనీటి సంచి చీల్చి కాన్పు చేయడం సమ్మతమేనని ఆ ఏడు లండన్ వైద్యులు తీర్మానించుకున్నారు. అప్పటికి సిజేరియన్ అంటే తల్లి ప్రాణం పోవడమే. 1906లో హెన్రీ డేల్ పిట్యూటరీ గ్రంథి రసానికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉందని కనిపెట్టాడు. మూడేళ్లకే అది కాన్పుల్లోకి వచ్చింది. మోతాదు తెలియక గర్భసంచులు పగిలిన సందర్భాలతో వైద్యులు జంకారు. ఆ రసంలో గర్భసంచిని ముడిచే పదార్థమైన ఆక్సిటోసిన్‌ను విన్సెంట్ డు విగ్నో 1953లో ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ అందుకున్నాడు. అప్పటి నుంచి చుక్కచుక్కగా లెక్కపెట్టి ఎక్కించే వీలు కలిగింది.

ఇక్కడ కొంచెం ఆగాల్సిన పేరు ఎడ్వర్డ్ బిషప్. 1964లో ఆయన ఇచ్చిన మార్కుల పద్ధతి ఈరోజుకీ మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలోనైనా, నల్లగొండలోనైనా కేస్ షీట్లలో 'బిషప్ స్కోర్'గా కనిపిస్తుంది. గర్భసంచి మూతి ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఏ వైపు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది: ఈ అయిదు చూసి 13కు మార్కులు వేస్తారు. ఆయన ఈ పద్ధతి పెట్టింది ఏ జబ్బూ లేకుండా, ముందే ఒక కాన్పు అయిన తల్లుల్లో, కావాలని నొప్పులు రప్పించడానికే. తొమ్మిదికి తగ్గితే ముట్టుకోవద్దన్నది ఆయన మాట. అంటే అవసరం లేకున్నా చేసే ఇండక్షన్‌కు ఆదిలోనే షరతు ఉంది: ఒళ్లు సిద్ధమై ఉండాలి. తర్వాత ప్రోస్టాగ్లాండిన్ జెల్ వచ్చింది. కడుపులో పుండ్ల కోసం 1973లో తయారైన మిసోప్రోస్టాల్ మాత్ర కూడా లేబర్ రూములోకి చేరింది. రబ్బరు గొట్టం చివర బుడగ ఊదే ఫోలే క్యాథెటర్ ఎటూ ఉంది. దాంతో సిద్ధంగా లేని మూతిని సిద్ధం చేసే సాధనాలు చేతికొచ్చాయి. బిషప్ షరతు అట్లా సడలింది.

మా దిక్కు ఊళ్లలో డాక్టరు కంటే ముందు సూది చేరింది. 1990ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రంలో దాదాపు మూడో వంతు కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. మిగతావి ఇళ్లలోనే. మంత్రసాని చేతులెత్తేస్తే పిలిచేది ఊళ్లోని ఆర్ఎంపీని. ఆయన బ్యాగులో నొప్పుల సూది, అంటే ఈ ఆక్సిటోసినే, ఉండేది. సెలైన్‌లో కలిపి చుక్కలు లెక్కపెట్టాల్సిన మందును కండకు పొడిచిన రోజులవి. కండలోకి పోయిన మందును వెనక్కి తీయలేం. నొప్పి మీద నొప్పి వచ్చి, నడుమ గర్భసంచి వదులయ్యే ఎడం దొరకదు. ఆ ఎడంలోనే బిడ్డకు రక్తం అందేది. "సూది వేస్తే బిడ్డ ఆగమైతది" అని ముసలమ్మలు ఇప్పటికీ భయపడితే అది వట్టి మూఢనమ్మకం కాదు.

ఇదే మందు బర్రెలకు పాలు చేపడానికీ వాడేవారు. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారుచేయొద్దని, కర్ణాటకలోని ఒక్క ప్రభుత్వ సంస్థే చేయాలని ఉత్తర్వు తెచ్చింది. కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ప్రాణాధారమైన మందు ఒకే చోటి నుంచి రావడం ప్రమాదమని కేసు పడింది. ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వును కొట్టేసింది. బర్రెల కోసం తల్లుల మందును కట్టడి చేయబోయారన్నమాట!

ఇళ్ల నుంచి కాన్పు దవాఖానకు మారడం మాత్రం చాలా వేగంగా జరిగింది. 2005లో జననీ సురక్ష యోజన, అదే ఏడు 108 బండ్లు, 2011లో జననీ శిశు సురక్ష, 2017 జూన్‌లో కేసీఆర్ కిట్. సర్కారు దవాఖానలో కాన్పయితే అప్పట్లో మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు ఇచ్చేవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది: 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. దేశ సగటు 21.5. మన ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5.

ఈ అంకెల మధ్యే ఇండక్షన్ నలిగిపోయింది. ముహూర్తం మాట తీసుకోండి. అమావాస్య రావొద్దు, మూలా నక్షత్రం పడొద్దు అనుకునే ఇంటికి ఇండక్షన్ పనికిరాదు. మాత్ర ఎన్ని గంటలకు వేయాలో నిర్ణయించొచ్చు గానీ బిడ్డ ఎన్ని గంటలకు పుట్టాలో నిర్ణయించలేం. తొలి చూలు, మూతి గట్టిగా ఉంటే ఒక పగలూ రాత్రీ దాటొచ్చు. ఒక్క డాక్టరుతో నడిచే నర్సింగ్‌హోముకూ అదే ఇబ్బంది. గంటలో అయిపోయే ఆపరేషన్‌కు మత్తు డాక్టరును పిలిపించుకోవచ్చు. రాత్రంతా లేబర్ టేబుల్ పక్కన కూర్చునే మనిషిని ఎక్కడి నుంచి తెస్తారు? లోభం ఒక్కటే కారణమని తిట్టిపోయడం తేలిక. మనుషుల కొరత అంతకంటే మొండి కారణమని నా అభిప్రాయం.

అట్లాంటి సమయంలో 2018 ఆగస్టులో అమెరికా నుంచి 'అరైవ్' అధ్యయనం వచ్చింది. 41 ఆసుపత్రులు, ఏ ఇబ్బందీ లేని 6,106 మంది తొలి కాన్పు తల్లులు. సగం మందికి 39వ వారంలో నొప్పులు రప్పించారు, సగం మందిని ఆగమన్నారు. ఇండక్షన్ చేస్తే సిజేరియన్లు పెరుగుతాయని అంతదాకా నమ్మకం. ఫలితం తిరగబడింది: ఇండక్షన్ వైపు 18.6 శాతం, ఆగిన వైపు 22.2 శాతం. బీపీ సమస్యలు కూడా 14.1 నుంచి 9.1 శాతానికి తగ్గాయి. బిడ్డల ఆరోగ్యంలో మాత్రం తేల్చి చెప్పదగ్గ తేడా కనిపించలేదు.

దీన్ని చదివి "చూసిన్రా, 39 వారాలకే సూది మంచిదట" అనేయడం తొందరపాటు. అడిగిన అర్హుల్లో నూటికి 73 మంది ఆ అధ్యయనంలో చేరడానికే ఒప్పుకోలేదు. చేరినవాళ్లలో ఇండక్షన్ తల్లులు లేబర్ వార్డులో మధ్యస్థంగా 20 గంటలున్నారు, ఆగినవాళ్లు 14. పైగా అమెరికా కాన్పు వైద్యుల సంఘాలు 2014లోనే ఒక నియమం పెట్టుకున్నాయి: తల్లీబిడ్డలు బాగున్నంత కాలం నొప్పులు ఇంకా ఊపందుకోని తొలి దశకు 24 గంటలైనా, అంతకు మించైనా ఇవ్వాలి. ఉమ్మనీరు పోయాక ఆక్సిటోసిన్ 12 నుంచి 18 గంటలు నడిపాకే 'ఇండక్షన్ ఫెయిల్' అనాలి. ఆ ఓపిక ఉన్నచోట వచ్చిన 18.6 అది. పొద్దున మాత్ర పెట్టి, సాయంత్రానికి "కాలే, ఆపరేషన్‌కు సంతకం పెట్టుండ్రి" అనే చోట అదే మందు ఆపరేషన్ గదికి దగ్గరి దారి అవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 39 వారాల జోలికి పోలేదు. ఏ ఇబ్బందీ లేని తల్లికి 41 వారాలు నిండకముందు ఇండక్షన్ వద్దంది, నిండాక చేయమంది. 2019లో స్వీడన్‌లో 41 వారాలకు చేయాలా, 42 దాకా ఆగాలా అని చూసిన అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, ఆగిన వైపు ఆరుగురు బిడ్డలు పోయారు, 41 వారాలకే చేసిన వైపు ఒక్కరూ పోలేదు. కాబట్టి 41 దాటాక "దేవుడే చూసుకుంటడు" అని కూర్చోవడం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిన ఇంకో మాటను మన వార్డుల గోడల మీద రాయాలి: నొప్పుల మందు ఎక్కుతున్న తల్లిని ఎన్నడూ ఒంటరిగా వదలకూడదు.

ఇంతకూ మనం చెప్పే 39, 41 నిజమేనా? పాలమూరు వలస ఇక్కడ అడ్డమొస్తుంది. భర్తతో పాటు ముంబైలోనో పుణెలోనో పని మీద ఉండగా మూడో నెలలో తీసిన స్కానింగ్ కాగితం అక్కడే పోతుంది. ఏడో నెలలో తల్లిగారి ఊరికొచ్చి మళ్లీ తీయిస్తే ఆ స్కానింగ్ డేటు మూడు వారాలు అటూ ఇటూ తప్పొచ్చు. మొదటి మూడు నెలల స్కానింగ్ అయితే తేడా వారం లోపే. "దసరా ముంగట నెల తప్పింది" అన్న గుర్తుతో లెక్క కట్టి 39 అనుకున్న గర్భం 36 కూడా కావచ్చు. అప్పుడు పుట్టిన బిడ్డ ఊపిరాడక అద్దాల పెట్టెలోకి పోవాల్సి రావచ్చు. అందుకే మొదటి స్కానింగ్ కాగితాన్ని తల్లీబిడ్డల కార్డుకు పిన్ను కొట్టి దాచుకోవాలి.

దూరం సంగతి వేరే. అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పెంటల (చిన్న గూడేల) తల్లికి, దేవరకొండ తండాల తల్లికి "నొప్పులొస్తే రాండ్రి" అనేది ఉత్త మాటే. రాత్రి బండి దొరకదు. ఆసుపత్రి దూరం, ముందటి కాన్పు మరీ తొందరగా అయిపోవడం: ఈ రెంటినీ అమెరికా కాన్పు వైద్యుల సంఘం కూడా ఇండక్షన్‌కు ఒప్పుకోదగ్గ కారణాలుగానే చెప్పింది. జబ్బు లేకున్నా నొప్పులు రప్పించడానికి దక్షిణ తెలంగాణలో అన్నిటికంటే గట్టి వాదన నా లెక్కలో ఇదే. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

వార్డులో సంభాషణ చాలాసార్లు ఇట్లా నడుస్తుంది. "సిస్టరమ్మా, డేటు దాటి మూడొద్దులాయె. సూదన్నా ఇయ్యుండ్రి, లేకుంటే ఆపరేషనన్నా చెయ్యుండ్రి" అంటుంది కాన్పుకొచ్చిన బిడ్డ తల్లి. "పెద్దమ్మా, ఇంకా ఒక వేలు గూడ తెరుచుకోలే, బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటున్నది. రెండొద్దులు చూద్దాం" అంటుంది నర్సు. "గా రెండొద్దుల్ల ఏమన్నయితే?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పది నిమిషాలు కూర్చునే తీరిక ఆ నర్సుకు ఉండదు. కడుపుతో ఉన్న బిడ్డ మంచం మీదే ఉంటుంది, ఆమెను ఎవరూ అడగరు.

ఆ తీరికను తేవడానికే 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి రాష్ట్రం నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాక రాత్రి పూట కూడా డాక్టర్లుండే లేబర్ రూములు దగ్గరయ్యాయి. 2022లో సర్కారు దవాఖానలో సాధారణ కాన్పుకు సిబ్బందికి 3 వేల ప్రోత్సాహకం ప్రకటించారు. డబ్బు ఆశ ఆపరేషన్ వైపు లాగినట్టే అవసరమైన ఆపరేషన్‌ను ఆలస్యం చేసే వైపూ లాగొచ్చు. అందుకని మిడ్‌వైఫ్ పక్కన ఉండటాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఈ నేపథ్యంలో ఒక ఇల్లు నిర్ణయం తీసుకోవాలంటే డాక్టరును "సూది వేస్తరా" అని కాక వేరే మాటలు అడగాలి. మొదటి స్కానింగ్ ప్రకారం ఎన్ని వారాలు? బిషప్ స్కోర్ ఎంత? మాత్ర పెట్టాక ఎన్ని గంటలకు ఫెయిల్ అంటారు? ఆ రాత్రి పక్కన ఎవరుంటారు? బీపీ, షుగర్, ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ కదలిక మందగించడం లాంటివి ఉంటే ఈ చర్చే లేదు, డాక్టరు చెప్పినట్టు నడవాల్సిందే.

తొలి కాన్పులోనే ఇదంతా అడగాలనడానికి కారణముంది. ఒకసారి గర్భసంచి కోశాక మలి కాన్పులో మిసోప్రోస్టాల్ మాత్ర వాడకూడదు, పాత కుట్టు పగిలే ప్రమాదం. ఆక్సిటోసిన్ కూడా జంకుతూనే ఎక్కిస్తారు, అదీ పెద్ద దవాఖానల్లో. మిగతాచోట్ల "మొదటిది ఆపరేషనా? అయితే ఇదీ అంతే" అని కార్డు మీద రాసేస్తారు. ఇద్దరు చాలనుకునే ఇళ్లలో ఆ రెండో ఆపరేషన్‌తో పాటే పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అయిపోతుంది.