స్పీడు పెరిగింది, గొంతు ఎందుకు మారలేదు?

మా మేనల్లుడికి హార్డ్ ట్రాన్స్ అంటే, ఆ వేగమైన ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతమంటే, ప్రాణం. మొన్న ఒక ట్రాక్, దాని రీమిక్స్ రెండూ పంపి, "మావయ్యా, రీమిక్స్ ఇంత స్పీడుగా ఉంది కదా, ఆ అమ్మాయి గొంతు మాత్రం అలాగే ఎలా ఉంది?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న!

టేప్ రికార్డర్ చూసినవాళ్లకు దీని బరువు తెలుస్తుంది. బ్యాటరీలు అయిపోతుంటే పాట నెమ్మదించేది, గొంతూ బొంగురుపోయేది. అక్కడ వేగం, శ్రుతి ఒకే కాడికి కట్టిన ఎద్దులు. నిమిషానికి 128 దెబ్బల పాటను అలాగే 145కి తోలితే కంపనాలు 13.3 శాతం పెరుగుతాయి. ఒక్కో స్వరస్థానానికి పెరుగుదల దాదాపు 5.95 శాతం కాబట్టి, షడ్జంలో పాడిన మాట రెండు స్వరస్థానాలు పైనున్న చతుశ్రుతి రిషభం దాటిపోతుంది. నోటి ఆకారం వల్ల పుట్టే అనునాదాలు కూడా పైకి జరుగుతాయి. అందుకే పెద్దవాళ్ల గొంతు చిన్నపిల్లల గొంతులా వినిపిస్తుంది.

సంగీతం క్లాసులో వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, పాడేటప్పుడు శ్రుతిపెట్టెను ఎవరూ ముట్టుకోరు. ఈ సంగతి అక్కడే పిల్లలకు భౌతికశాస్త్రంగా చెబితే ఎంత బాగుంటుందో! కానీ పాడే మనిషి మళ్లీ పాడుతుంది. కంప్యూటర్ దగ్గర ఉన్నది పాత రికార్డింగ్ ఒక్కటే.

అది చేసే పని మల్లెదండలాంటిది. సెకనుకు 200 కంపనాల గొంతులో ఒక్కో అల నిడివి 5 మిల్లీసెకన్లు, అంటే 40 మిల్లీసెకన్లలో ఎనిమిది అలలు. ఒకదానికొకటి దాదాపు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ప్రతి ఎనిమిదింటిలో ఒకటి తీసేసి మిగతావి దగ్గరకు జరిపితే దండ పొట్టిదవుతుంది, పువ్వు సైజు మారదు. 128 నుంచి 145కి వెళ్లడానికి దాదాపు అంతే చాలు! నెమ్మదించాలంటే అదే పువ్వును ఇంకోసారి గుచ్చాలి. ముడి పడేచోట అల ఎక్కుతుంటే రెండోదీ ఎక్కుతూనే ఉండాలి, లేకపోతే 'టిక్' మంటుంది. అందుకే రెండు ముక్కలనూ కాస్త ఒకదానిపై ఒకటి పరిచి, ఒకదాన్ని తగ్గిస్తూ మరోదాన్ని పెంచుతారు. ఇదే పనికి మరో దారి, ఫేజ్ వొకోడర్, 1966లోనే అమెరికాలోని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చింది.

పాటకు అడుగున దెబ్బ వేసే పెద్ద డ్రమ్, కిక్ డ్రమ్, దగ్గర ఈ విద్య పారదు. దాని దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలో పుట్టి, శ్రుతి జారుతూ పడిపోతుంది. ఏ రెండు అలలూ ఒకేలా ఉండవు, తీసేయడానికి పనికొచ్చే పువ్వు లేదు. పైగా 128లో దెబ్బకూ దెబ్బకూ మధ్య 469 మిల్లీసెకన్లు, 145లో 414. పాత కిక్ దెబ్బ తర్వాత మిగిలే మోత, దాని తోక, అంత పొడుగే ఉంటే, మధ్యలో 207 మిల్లీసెకన్ల దగ్గర పడే బేస్ (మంద్ర స్వరం) దాని కింద నలిగిపోతుంది. అందుకే రీమిక్సర్లు చాలాసార్లు గొంతు ఉంచుకుని డ్రమ్స్ కొత్తగా కడతారు.

'ది ఏజ్ ఆఫ్ లవ్' వినండి. 1990లో బెల్జియం నుంచి వచ్చిన ఈ ట్రాన్స్ ట్రాక్‌ను 1992లో ఫ్రాంక్‌ఫర్ట్ జంట జామ్ అండ్ స్పూన్, 2021లో షార్లెట్ డి విట్, ఎన్రికో సాంజులియానో అనే డీజేలు మళ్లీ చేశారు. పాత పిలుపును గుర్తుపడతాం, కింద నేల మాత్రం వేరు.

వాట్సాప్‌లో 432 హెర్ట్జ్ సంగీతం రోగాలు తగ్గిస్తుందని తిరుగుతుంటుంది. వాద్యాలను సాధారణంగా శ్రుతి చేసే 440 నుంచి 432కి రావాలంటే రికార్డును రెండు శాతం కూడా తగ్గించక్కర్లేదు. డీజేల టర్న్‌టేబుల్ మీద ఆ మార్పు రోజూ జరిగేదే. దయచేసి దాన్ని నమ్మి మందులు మానకండి.

'స', 'ష' అక్షరాల్లో తిరిగి తిరిగి వచ్చే అలే ఉండదు, అంతా గాలి రాపిడి. కాబట్టి కత్తెర గుర్తులు అక్కడ కూడా దొరకొచ్చు. మావాణ్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రీమిక్స్‌లో 'స' వచ్చిన ప్రతిచోటా ఆగి వినమన్నాను. నాలుగోసారికి దొరికింది, సన్నని గరగర.