సున్నా వచ్చిందంటే పుస్తకం లేదని కాదు

హనుమకొండ, జనగామ, కరీంనగర్ కాలేజీ లైబ్రరీల నుంచి నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా మొదలవుతాయి. "అన్నా, మీ టూల్‌లో కొట్టి చూసిన, సున్నా వచ్చింది. ఇగ లేనట్టే కదా, చేత్తోనే ఎంట్రీ చేస్తున్న." ఆగండి, చెయ్యకండి. జెడ్39.50 (ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీ కేటలాగ్‌లో వెతికే పద్ధతి) సర్వర్లలో వెతికే కమాండ్ లైన్ క్లయింట్, అంటే కమాండ్లు టైప్ చేసి వాడే టూల్, రాసి రోజూ టెస్ట్ చేసేవాడిగా చెప్తున్నా, ఈ ఒక్క అపోహ వల్ల వృథా అయినంత శ్రమ ఇంకే దానివల్లా కాలేదు.

సర్వర్ ఒక్కోసారి సున్నా అననే అనదు. ఆ యూజ్ యాట్రిబ్యూట్ (పేరులోనా, రచయితలోనా, దేంట్లో వెతకాలో చెప్పే నంబర్) నా దగ్గర లేదని 114 నంబర్ ఎర్రర్ పంపుతుంది. సరిగా రాయని క్లయింట్ దాన్ని మింగేసి సున్నా చూపిస్తుంది. టైటిల్‌కి 4, ఐఎస్‌బీఎన్‌కి 7, రచయితకి 1003 ఇచ్చి మళ్లీ అడగండి. ఇంకోటి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత రికార్డుల్లో తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, పైన గీతలూ కింద చుక్కలతో ఉంటాయి. ఆ రికార్డులు వాడిన పాత అక్షరాల కోడ్ మార్క్-8లో తెలుగు అక్షరాలే లేవు మరి. అక్కడ తెలుగులో కొడితే ఏం దొరుకుతుంది?

మొన్న ఒక చెల్లె, నాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) టీమ్ వస్తోందని టెన్షన్‌తో రాత్రిళ్లు కూర్చుని, వెతికితే సున్నా వచ్చిందని తమ కేటలాగ్‌లో ఉన్న పుస్తకాలనే మళ్లీ ఎక్కించింది. పక్కన కూర్చుని బైట్లు తీసి చూశా. ఆమె కొట్టిన "వరంగల్" 18 బైట్లు, రికార్డులో ఉన్నది 21. చివర కంటికి కనపడని యూనికోడ్ 200సి, అంటే అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్. పాపం, స్క్రీన్ మీద రెండూ ఒక్కలాగే ఉంటే ఆమెకెలా తెలుస్తుంది? దాన్ని క్వెరీలో, అంటే మనం కొట్టే మాటలో, తీసేస్తే చాలదు, రికార్డులను వెతకడానికి వీలుగా ఇండెక్స్ చేసేటప్పుడూ తీసేయాలి.

యాజ్-జెడ్‌టెస్ట్ మీద హిట్లు వచ్చాయి కాబట్టి సెర్చ్ పాస్ అంటారు కొందరు. అది ర్యాండమ్‌గా అంకె ఇచ్చే డమ్మీ సర్వర్, కనెక్షన్ చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కమాండ్ లైన్‌లో తప్పు కొడితే డేటా పోతుందన్నది వట్టి పుకారు. సెర్చ్ (వెతకడం), ప్రెజెంట్ (దొరికిన రికార్డు తెప్పించుకోవడం) చదవడం తప్ప ఏమీ మార్చవు.

కనెక్టే కాకపోతే టూల్ పాడైందని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, కాలేజీ ఫైర్‌వాల్‌లో జెడ్39.50 వాడే దారి, 210 పోర్ట్ తెరవమని అడగండి. బ్రౌజర్ వెళ్లేది 443 మీద, అది పనిచేసినంత మాత్రాన ఇది తెరిచి ఉన్నట్టు కాదు.