బంగారమే డబ్బు కావాలా? మనవరాలికి, మనవడికి ఒక ఉత్తరం

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవులు సహస్రకు, అద్వైత్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

సహస్రా, స్కూల్లో డిబేట్ ఉందనీ, కాగితం నోట్లు తీసేసి బంగారాన్నే డబ్బు చేయాలనే వైపు నువ్వు మాట్లాడాలనీ అమ్మ చెప్పింది. అద్వైత్ కూడా ఒక మాట అన్నాడట: "నోటును ప్రభుత్వం రద్దు చేస్తుంది, బంగారాన్ని ఎవరూ రద్దు చేయలేరు కదా!" ఇది ఫోన్లో తెమిలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. బంగారం దాచుకోవడానికి మంచిది, డబ్బుగా పనికిరాదు అన్నది నా అభిప్రాయం. అయినా నీ వైపు కూడా గట్టి వాదనే ఉంది, అదీ చెబుతాను.

మీరు ఉండే ఈ ఊళ్లోనే ఒకప్పుడు వేరే రూపాయి నడిచింది. నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అని సొంత నాణెం ఉండేది, చార్మినార్ బొమ్మ వేసేవారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలు వచ్చేవి. బెజవాడ నుంచి సరుకు తెప్పించుకునే వ్యాపారి ప్రతి బిల్లుకూ ఆ లెక్క వేసుకోవాల్సిందే. అది వెండి రూపాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండికి కరువొస్తే, 1918లో నిజాం ప్రభుత్వం చట్టం చేసి కాగితం నోట్లు తెచ్చింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగులో కూడా విలువ రాసి ఉండేది. లోహాన్ని నమ్ముకున్న డబ్బుకు ఆ లోహం దొరక్కపోతే ఇదే తిప్పలు.

1948లో హైదరాబాద్ ఇండియాలో కలిశాక కూడా హాలీ సిక్కా రాత్రికి రాత్రి పోలేదు. 1950 నుంచి రెండు రూపాయలూ పక్కపక్కనే చెల్లాయి. హాలీ పూర్తిగా రద్దయింది 1959లో. ఈలోగా 1957 ఏప్రిల్ 1న దేశమంతటా అణాల లెక్క మారి, రూపాయికి వంద నయా పైసలయ్యాయి. అంత మార్పునూ జనం తట్టుకున్నారంటే వాళ్లకు వ్యవధి దొరికింది కాబట్టే. 2016 నవంబర్ 8 రాత్రి అలా కాదు. చలామణీలో ఉన్న నోట్ల విలువలో దాదాపు 86 శాతం ఆ అర్ధరాత్రి నుంచే చెల్లకుండా పోయింది. అద్వైత్ భయం అక్కడి నుంచే పుట్టింది, దాన్ని నేను కొట్టిపారేయను. జనానికి టైమివ్వని మార్పును నేనైతే మంచి సంస్కరణ అనను.

కానీ నాన్నా, బంగారాన్ని ఎవరూ ఏమీ చేయలేరన్నది మాత్రం నిజం కాదు. 1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున తీసుకుని అప్పగించమని ఆర్డర్ వేశాడు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ధరను 35 డాలర్లకు పెంచింది. అంటే ఇచ్చినవాళ్లు నష్టపోయారు. మన దేశంలోనూ 1963లో 14 క్యారెట్లకు మించిన నగలు చేయకూడదన్నారు. ఎందరో కంసాలుల పొట్ట కొట్టిన నిబంధన అది. 1968లో వచ్చిన గోల్డ్ కంట్రోల్ చట్టం ప్రకారం మామూలు మనిషి బంగారు కడ్డీ ఇంట్లో పెట్టుకోవడమే నేరం. దాన్ని 1990లో గానీ ఎత్తేయలేదు.

ఇక రోజువారీ వాడకం సంగతి. నేను బ్యాంకులో తాకట్టు లోన్లు చూసినప్పుడు ఒక్కో గొలుసుకు పెద్ద తతంగమే ఉండేది. నగల నాణ్యత, విలువ కట్టే అప్రైజర్ ముందు తూకం వేసి, రాళ్ల బరువు, లోపలి లక్క బరువు తీసేసేవారు. తర్వాత నల్లటి గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసేవారు. గీత నిలిస్తే సరే, మాయమైతే కల్తీ. పైన పూత, లోపల రాగి ఉండే నగలూ వస్తాయి కాబట్టి అనుమానం వస్తే ఇంకోచోట గీసేవారు. ఇంతా అయ్యాక కస్టమర్, "కొన్నప్పుడు ఇంకా ఎక్కువ తూగింది కదమ్మా" అని గొడవ. మోండా మార్కెట్లో అరకిలో టమాటాలకు ఇదంతా చేయగలమా? ఆ ధరకు వచ్చే బంగారం గోటికి అంటుకుంటే మళ్లీ కనిపించదు. ముద్ర వేసిన నాణేలు చేద్దామంటావేమో. ఆ ముద్ర వేసేది ప్రభుత్వమే. మళ్లీ దాని మాటే నమ్మాలి కదా!

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. జనం, పంటలు, ఫ్యాక్టరీలు పెరిగినంత వేగంగా గనుల్లోంచి బంగారం రాదు. డబ్బు బిగుసుకుపోతే ధరలు పడతాయి. ధరలు పడితే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ అప్పున్న రైతును అడగండి. 1930ల మాంద్యంలో పంటల ధరలు కుప్పకూలాయి. శిస్తులు, అప్పులు కట్టడానికి మన రైతులు ఇంట్లో ఆడవాళ్ల నగలు అమ్ముకున్నారు, ఆ బంగారమంతా ఓడలెక్కి విదేశాలకు పోయింది. బ్రిటన్ మాత్రం 1931 సెప్టెంబర్‌లోనే తన పౌండుకు బంగారంతో ఉన్న ముడి తెంపుకుంది. ముందుగా ఆ ముడి వదులుకున్న దేశాలే ముందుగా కోలుకున్నాయి. చివరికి 1971 ఆగస్టు 15న అమెరికా, విదేశీ ప్రభుత్వాలకు కూడా డాలర్‌కు బదులు బంగారం ఇవ్వడం ఆపేసింది.

అలాగని బంగారం దండగ అనను. 1991లో దిగుమతులకు డాలర్లు లేక దేశం అల్లాడినప్పుడు రిజర్వ్ బ్యాంక్ దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టి గండం గట్టెక్కించింది. ఇప్పుడు దాని దగ్గర 800 టన్నులకు పైగా ఉంది. ఉండాల్సింది అక్కడే. ఇక నోట్ల విలువ కరిగిపోకుండా చూసే పనికి 2016 నుంచి ఒక చట్టం ఉంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలి, అటూ ఇటూ రెండు శాతానికి మించి పోకూడదు. అది వరుసగా మూడు త్రైమాసికాలు తప్పితే, ఎందుకు తప్పిందో రిజర్వ్ బ్యాంక్ ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పాలి. నాకు లోహం కన్నా ఈ కట్టడి మీదే నమ్మకం. కాకపోతే అది తప్పినప్పుడు జనం గట్టిగా అడగాలి.

సహస్రా, నువ్వు అంబేద్కర్‌తో మొదలుపెట్టు. లండన్‌లో చదువుకుంటూ 1923లో ఆయన రూపాయి మీదే పరిశోధన చేశారు. రూపాయలను ఇష్టం వచ్చినన్ని వదిలే అధికారం సర్కారు చేతిలో ఉంటే ధరలు పెరిగి పేదవాడు నలిగిపోతాడని, అందుకే ఆ చేతిని కట్టేయాలని, బంగారు నాణేలు నడవాలని వాదించారు. అప్పటికే పేరున్న ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్, బంగారం జనం చేతుల్లో తిరగక్కర్లేదన్నాడు. అంబేద్కర్ ఆయనతోనే తలపడ్డారు. నేను ఒప్పుకోకపోయినా నీ వైపు ఇంతకన్నా గట్టి వాదన నాకు తెలియదు. అవతలి వాళ్లు 1931 సంగతి తప్పకుండా ఎత్తుతారు. దానికి జవాబు నేనివ్వను, నువ్వే ఆలోచించి ఆదివారం ఫోన్ చేసి నాకు చెప్పు.

మీ అమ్మమ్మ