పాత ఆసిలోస్కోపు ఫ్యాను: చప్పుడు మీద అపోహలు, గాలి గురించి వాస్తవాలు

కరెంటు సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే పరికరమే ఆసిలోస్కోపు, మా భాషలో స్కోపు. నల్లగొండలో రిపేరుకని నా బెంచి మీదికి వచ్చే పాత స్కోపుల్లో చాలావాటికి ఒకటే ఫిర్యాదు. "అన్నా, సప్పుడు మస్తు జేస్తుంది, ఫ్యాన్ మార్చు." ట్రేసు, అంటే తెర మీది గీత, నిలకడగా ఉందా, ఫోకస్ బాగుందా అనే మాట తర్వాతెప్పుడో వస్తుంది. ఆ చప్పుడు తలనొప్పే, కాదనను. గంటల తరబడి దాని పక్కన కూర్చునేవాణ్ని నేనే. కానీ స్కోపును కాపాడేది ఫ్యాను తిరగడం ఒక్కటే కాదు. లోపల గాలి ఎక్కడ మొదలై, వేటిని తాకి, ఎక్కడ బయటపడుతుందన్నది అసలు సంగతి. అది చూడకుండా చప్పుడు ఒక్కటే తగ్గించి మంచి స్కోపులను వేడికి బలిచేస్తున్నారు. ఇక దొరకని వస్తువులివి, అందుకే బాధ.

అపోహ: చప్పుడు చేయని కంప్యూటర్ ఫ్యాను వేస్తే చాలు

మూడేళ్ల కిందట ఒక కాలేజీ ల్యాబు నుంచి టెక్‌ట్రానిక్స్ 2465 వచ్చింది. 1980ల నాటి 300 మెగాహెర్ట్జ్ స్కోపు. అప్పటికే ఎవరో దానికి నెమ్మదిగా తిరిగే కంప్యూటర్ ఫ్యాను బిగించారు. చలికాలమంతా బాగానే నడిచిందట. ఏప్రిల్ వచ్చేసరికి అరగంటకే ట్రేసు అడ్డంగా ముడుచుకుపోవడం, తెర మీది అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడడం మొదలైంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే. కరెంటు తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాక, ట్రేసును అడ్డంగా నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ చిప్ మీద వేలు పెట్టాను. నిలపలేకపోయాను. బోర్డు మీద దాని గుర్తు యూ800. ఈ మోడల్‌తో పనిచేసినవాళ్లకు ఆ పేరు తెలుసు, వేడికి ముందు పోయేది అదే. బయట కొత్తది దొరకడం చాలా కష్టం.

ఫ్యాను డబ్బా మీద రాసిన గాలి లెక్క ఏ అడ్డూ లేనప్పటిది. స్కోపు లోపల బోర్డులు, షీల్డులు, వైర్ల కట్టలు అన్నీ అడ్డే. అదే ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, కానీ ఆ అడ్డును దాటించే ఒత్తిడి పావు వంతుకు పడిపోతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, అదే మనల్ని మోసం చేస్తుంది. చెవికి హాయిగా ఉంటుంది, చిప్పు ఉడికిపోతుంది. వేగం ఐదో వంతు తగ్గించినా దాదాపు 5 డెసిబెల్స్ దిగుతుంది. నేనైతే అంతకు మించి పోను. దానికి కూడా ముందూ తర్వాతా మీటరుకు వేడిని కొలిచే తీగ (థర్మోకపుల్) పెట్టి, మూత బిగించి, గంట నడిపి చూస్తాను. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఫ్యాను కొనేటప్పుడు సైజు, వోల్టేజీ చూసి తెచ్చుకోకండి. బాల్ బేరింగా కాదా, ఒత్తిడి ఎంత ఇస్తుంది అన్నది డేటాషీట్‌లో చూసుకోండి.

ఫ్యానును వెనకాముందు తిప్పి బిగిస్తే ఇంకా ప్రమాదం. 2465లో ఫ్యాను గాలిని వెనక నుంచి బయటికి నెడుతుంది. లోపలికి వచ్చే గాలి కింది రంధ్రాల నుంచి, పక్క రంధ్రాల నుంచి వస్తుంది. పాతకాలపు వాల్వుల (గాజు ట్యూబుల) టెక్‌ట్రానిక్స్ 545 లాంటి వాటిలో ఇది పూర్తిగా తలకిందులు. సుమారు 500 వాట్లు తినే ఆ పెట్టెలో ఫ్యాను వెనక ఫిల్టర్ గుండా గాలిని లోపలికి లాగుతుంది. అందుకని పాత ఫ్యాను విప్పే ముందు అగరుబత్తి వెలిగించి ప్రతి రంధ్రం దగ్గరా పెట్టి, పొగ ఎటు పోతుందో కాగితం మీద గీసుకోండి. కొత్తది బిగించాక మళ్లీ అదే పని చేయండి. ఫ్యాను మీద బాణం గుర్తు ఉంటే మంచిదే, కానీ నేను పొగనే నమ్ముతాను.

అపోహ: మూత తీసి నడిపితే చల్లగా ఉంటుంది

అందరూ నమ్మేది ఇదే, వినడానికి సబబుగానూ ఉంటుంది. ఊదుగొట్టంతో ఊదితే గాలి నేరుగా నిప్పు మీద పడుతుంది, గొట్టం పక్కన పెట్టి ఊదితే బూడిద మొహాన పడుతుంది. స్కోపుకు మూతే ఊదుగొట్టం. అది తీసేస్తే ఫ్యాను దగ్గరున్న గాలినే లాగి వదులుతుంది, దూరంగా ఉన్న చిప్పుల దాకా ఏమీ చేరదు. రిపేరుకు మూత తీసి నడపక తప్పనప్పుడు నేను చిన్న టేబుల్ ఫ్యాను పక్కన పెట్టుకుంటాను.

అపోహ: చప్పుడంతా ఫ్యానుదే

స్విచ్ ఆపి వినండి. ఠక్కున ఆగిపోయిన గుయ్యిమనే మోత ట్రాన్స్‌ఫార్మర్‌ది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అది 100 హెర్ట్జ్ మోత. మెల్లమెల్లగా సన్నగిల్లిందే ఫ్యానుది. బోల్టులు బిగిస్తే పోయే మోతకు ఫ్యాను మార్చి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఎండాకాలం చప్పుడు పెరిగిందని తెచ్చేవాళ్లకు ఇంకో మాట. కొన్ని స్కోపుల్లో వేడిని బట్టి ఫ్యాను వేగం పెరిగే ఏర్పాటు ఉంటుంది. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటినప్పుడు అది గట్టిగా తిరగకపోతేనే టెన్షన్ పడాలి.

అపోహ: చుక్క నూనె వేస్తే సరి

బుష్ బేరింగ్ (గుళ్లు లేని సాదా బేరింగ్) అయితే కొంతవరకు నిజం. స్టిక్కర్ ఎత్తి, గట్టిపడిన పాత జిడ్డు తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేయండి. కొబ్బరి నూనె వద్దు, జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు, ఉన్న జిడ్డును కూడా కడిగేసి ఆరిపోతుంది. వారం నిశ్శబ్దంగా ఉండి ఆ తర్వాత కీచుమంటుంది. సీలు వేసిన బాల్ బేరింగ్ గరగరమంటే మార్చడమే.

అపోహ: బ్లోయర్ కొడితే దుమ్ము పోతుంది

మిర్యాలగూడ వైపు రైసుమిల్లు పక్క షాపు నుంచి ఒక పాత టెక్‌ట్రానిక్స్ 465 స్కోపు వచ్చింది. ఫ్యాను రెక్కల అంచున తవుడు, నూగు కలిసి గోధుమరంగు బొంతలా పేరుకుంది. గోటితో లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. అంతకుముందు దానికి బ్లోయర్ కొట్టారట. పైది పోయింది, మిగతాది లోపలికి దిగి పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు ఇచ్చే ఈహెచ్‌టీ భాగం చుట్టూ అతుక్కుంది. దుమ్మును తనవైపు లాక్కునేదే ఆ భాగం, చెమ్మ తగిలితే అక్కడే స్పార్కింగ్ మొదలవుతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదుపుతూ వాక్యూమ్‌తో బయటికి లాగండి. గాలి కొట్టక తప్పకపోతే ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది.

అపోహ: ఫ్యానే లేని స్కోపుకు బెంగ లేదు

హామెగ్ హెచ్‌ఎం203 లాంటివాటిలో వేడిగాలి దానంతటదే పైకి పోవాలి. దాని నెత్తిన మాన్యువళ్లు, టిఫిన్ బాక్సు పెట్టకండి. అంతే.

ఆ 2465కి సరైన ఫ్యాను వేసి పంపాను. పదిరోజులకు ఆ కాలేజీ ల్యాబు సార్ ఫోన్ చేశారు. "తమ్మీ, మళ్లీ గట్లనే అయితుంది" అన్నారు. నమ్మకం కలగక నేనే ల్యాబుకు వెళ్లాను. సన్మైకా గీతలు పడొద్దని స్కోపు కింద మడతపెట్టిన తువ్వాలు పరిచి ఉంది. కింది రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. తువ్వాలు తీసి, రబ్బరు కాళ్ల మీద నిలబెట్టి, అగరుబత్తి కింద పెట్టాను. పొగ సర్రున లోపలికి పోయింది. సార్ కూడా వంగి చూశారు.