రెండు మూడు భాషల ఇళ్లలో పిల్లల మాటలు: అపోహలు - వాస్తవాలు

నేను మహబూబ్‌నగర్‌లో స్పీచ్ థెరపిస్టుని. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకే భాష వింటూ పెరిగేవాళ్లు తక్కువ. బాలానగర్, దేవరకొండ వైపు తండాల పిల్లలకు ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, బడిలో ఇంగ్లిష్. నారాయణపేట, కృష్ణ వైపు కన్నడ కూడా ఉంటుంది. ముస్లింల ఇళ్లలో ఉర్దూ. ముంబై, పుణెలకు వలస పోయి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలకైతే హిందీ, మరాఠీ కూడా వచ్చి ఉంటాయి. మన దగ్గర ఇది మామూలే, కానీ పిల్లలకు మాట కాస్త ఆలస్యమైతే చాలు, నింద మొదట ఈ భాషల మీదే పడుతుంది.

అపోహ: ఎక్కువ భాషలు వింటే మాటలు ఆలస్యంగా వస్తాయి.

రావు. ఒక భాష వినే పిల్లలైనా, మూడు వినే పిల్లలైనా మొదటి మాట ఏడాది అటూ ఇటూగా, రెండు పదాలు కలపడం రెండేళ్లకల్లా వస్తుంది. తేడా అంతా మనం లెక్కపెట్టడంలో ఉంది. రెండేళ్ల తండా పిల్లాడికి తెలుగు మాటలు ఇరవయ్యే వచ్చాయని తల్లి టెన్షన్ పడుతుంది, కానీ వాడికి లంబాడీలో ఇంకో ముప్పై ఉంటాయి, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ‘యాడి పాణి’ (అమ్మా, నీళ్లు) అన్నాడంటే వాడు రెండు పదాలు కలిపినట్టే. నేను చూసేటప్పుడు అన్ని భాషల మాటలూ కలిపి రాసుకుంటాను. అలా కలిపినా తక్కువే ఉన్నాయంటే కారణం ఇంకేదో ఉందన్నమాట, భాషలు తగ్గించినంత మాత్రాన అది పోదు.

అపోహ: ఇంగ్లిష్ రావాలంటే ఇంట్లో మన భాష బంద్ పెట్టాలి.

నేను ఎక్కువగా కొట్లాడేది దీనితోనే. బడిలో ఎవరో చెప్తారు, ‘ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి’ అని. తల్లి పదో తరగతి చదివింది, పొద్దంతా లంబాడీలో గలగలా మాట్లాడే మనిషి, ఆ మాట పట్టుకుని మొదలుపెడుతుంది. నా గదిలో కూర్చుని కొడుకుతో ఆమె మాట్లాడిన మాటలు ఇవి: సిట్, కమ్, ఈట్, నో, డోంట్ క్రై. అంతే. పాము వచ్చిన సంగతి, మేక ఈనిన సంగతి, నాయిన ఎప్పుడొస్తాడన్న సంగతి ఆమె ఇంగ్లిష్‌లో చెప్పలేదు కాబట్టి అసలు చెప్పడమే మానేసింది. ‘మేడం, ఇంట్ల లంబాడి బంద్ పెట్టినం, అయినా మాటలు వస్తలేవు’ అంటుంది. ఎట్లా వస్తాయమ్మా, పిల్లాడికి వినడానికి మాటలే లేకుండా చేశాం కదా!

కథ వినడం, కారణం చెప్పడం, నిన్నటి సంగతి వరుసగా చెప్పడం పిల్లలు ఏ భాషలో నేర్చినా తర్వాతి భాషకు ఆసరా అవుతాయి. తల్లికి ధారాళంగా వచ్చే భాషే ఇంట్లో ఉండాలి. అవ్వ ఉంటే ఆమెతో ఇంకా ఎక్కువ మాట్లాడించండి. ఆటిజం, అంటే ఇతరులతో కలవడంలో, మాట్లాడటంలో ఇబ్బంది ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

కొత్త బడిలో చేరాక కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, పిల్లలు నోరు తెరవకపోవడం కూడా ఉంటుంది. ఇంట్లో ఎప్పటిలాగే మాట్లాడుతుంటే ముందు కొంత టైమ్ ఇవ్వండి.

అపోహ: భాషలు కలిపి మాట్లాడితే పిల్లలు కన్ఫ్యూజ్ అయినట్టే.

పెద్దలం మనం ఒక్క వాక్యంలో మూడు భాషలు కలుపుతాం. పిల్లలూ అంతే.

అపోహ: థాంక్యూ చెప్పడు, కళ్లలోకి చూడడు, టీచర్‌ని నువ్వు అంటాడు, అంటే పెంపకం బాగాలేదు.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మన పల్లెల్లో తల్లి అన్నం పెడితే ఎవరూ థాంక్యూ చెప్పరు, చెప్తే పరాయివాళ్లలా ఉంటుంది. నాయినను, అవ్వను నువ్వు అనే పిలుస్తారు, అందులో ప్రేమే తప్ప అమర్యాద లేదు. పక్కనే ఉర్దూ ఇంట్లో చిన్నపిల్లలను కూడా ఆప్ (మీరు) అనే ఇళ్లున్నాయి. పెద్దవాళ్లు కోప్పడితే తల దించుకోవాలని ఇంట్లో నేర్పుతారు, బడిలో ‘నా వైపు చూసి మాట్లాడు’ అంటారు. ఐదేళ్ల పిల్ల ఈ రెండింటినీ ఒకేరోజు మోయాలి. ఎవరి దగ్గర ఎట్లా ఉండాలో కోప్పడకుండా చెప్తే పిల్లలు పట్టేస్తారు.

కళ్లలోకి చూడట్లేదని నేరుగా ఆటిజం అనేసేవాళ్లూ ఉన్నారు. టీచర్ ముందు తల దించడం వేరు. తల్లి ముఖం చూస్తున్నాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, విమానం పోతుంటే వేలు చూపించి ‘చూడు’ అన్నట్టు తల్లి వైపు తిరుగుతున్నాడా, ఇవి చూడాలి. ఇవి లేకపోతే తప్పకుండా చూపించండి.

అపోహ: తండా భాషకు లిపి లేదు, దానితో ఏం లాభం?

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డిమెన్షియా (పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బు) ఉన్న 648 మందిపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. అంటే రాయడం చదవడంతో పని లేకుండా, రోజూ మాట్లాడే భాషలదే ఆ లెక్క. అయినా లాభం లేకపోతే మాత్రం అవ్వతో పిల్ల మాట్లాడొద్దా?

అపోహ: వాళ్ల నాయినకూ లేటుగానే వచ్చాయి, ఆగితే అవే వస్తాయి.

కొందరికి వస్తాయి, నిజమే. ఎవరికి వస్తాయో ముందు చెప్పలేం కాబట్టి ఆగొద్దు అంటాను. ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు ఏ భాషలోనూ రెండు పదాలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, ముందు వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడని చెవులు బాగున్నట్టు కాదు, కొన్ని స్వరాలే వినపడని పిల్లలుంటారు. పసిపిల్లలకు కూడా నిద్రలో ఉండగానే ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు చేయొచ్చు. అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్లకు చెప్తే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (ఎదుగుదల సమస్యలున్న పిల్లలను చూసే ప్రభుత్వ కేంద్రం) రాసిస్తారు. వెళ్లేటప్పుడు పిల్లాడు అనే మాటలన్నీ, లంబాడీవైనా కన్నడవైనా, ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని పోండి.