దిగబడ్డ బండిని లాగడం: రికవరీ గేర్ మీద అపోహలు - వాస్తవాలు

బండి బురదలో దిగబడగానే నలుగురూ నాలుగు తాళ్లు పట్టుకొస్తారు, అందరిదీ సాయం చేద్దామనే తాపత్రయమే, కానీ ప్రాణాల మీదకి తెచ్చే తప్పులు సరిగ్గా ఆ హడావిడిలోనే జరుగుతాయి. రికవరీలు చేస్తూ, కొత్తవాళ్లకి నేర్పిస్తూ నేను ఎప్పుడూ వినే మాటలివి.

అపోహ: టో బాల్ ఉందిగా, దానికి తగిలించేయ్

వద్దండి, ఎంత తొందరున్నా వద్దు. బండి వెనక ఉండే ఆ ఇనప గుండు ట్రైలర్‌ని నిలకడగా లాగడానికి చేసింది, స్నాచ్ స్ట్రాప్ (ఊపు మీద లాగడానికి వాడే సాగే పట్టీ) కుదుపుకి కాదు. బాల్ కింద మెడ దగ్గర విరిగిందంటే, సాగి ఉన్న స్ట్రాప్ ఆ ఇనప ముద్దని ఉండేలులో రాయిలా విసిరేస్తుంది, అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. బంపర్ కింద కనపడే సన్న కొక్కేల్ని కూడా నమ్మకండి, చాలా బండ్లలో అవి ఓడలోనో ట్రక్కులోనో బండిని కదలకుండా కట్టడానికి పెట్టినవి. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన, ఎంత బలం తట్టుకుంటుందో రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్ (లాగే తాడు తగిలించే చోటు) మీ బండికి ఉందో లేదో బయల్దేరకముందే కిందకి వంగి చూసుకోండి, మాన్యువల్ తిరగేయండి.

అపోహ: ఏ తాడైతే ఏంటి, గట్టిగా ఉంటే చాలు

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. నైలాన్ స్నాచ్ స్ట్రాప్ సుమారు 20 శాతం, కైనెటిక్ రోప్ (అదే పనికి వాడే అల్లిన తాడు) 30 శాతం దాకా సాగుతాయి, ఆ సాగడం వల్లే లాగే బలం ఒక్కసారిగా దెబ్బలా తగలకుండా క్రమంగా అందుతుంది. పాలియెస్టర్ టో స్ట్రాప్, చెట్టుకి చుట్టే ట్రంక్ ప్రొటెక్టర్ దాదాపు సాగవు, వాటిని కట్టి ఊపు మీద లాగితే దెబ్బంతా రికవరీ పాయింటే తినాలి. దీనికి తిరగేసి ఇంకో తప్పు చేస్తారు, వించ్ (డ్రమ్‌కి తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) తాడు పొట్టయిందని స్నాచ్ స్ట్రాప్ జోడిస్తారు, అది సాగి సాగి శక్తిని దాచుకుంటుంది, ఏదైనా ఊడితే ఆ శక్తంతా ఒకేసారి బయటికొస్తుంది.

సైజు సంగతికొస్తే, లాగే బండి, దిగబడ్డ బండి రెండిట్లో తేలికైనది ఏదో చూసి, సామానుతో కలిపి దాని పూర్తి బరువుకి 2 నుంచి 3 రెట్లు బ్రేకింగ్ స్ట్రెంగ్త్ (తెగిపోయే బలం) ఉన్న స్ట్రాప్ తీసుకోండి. ఎంత మందమైతే అంత మంచిదని తేలికపాటి బండికి మరీ పెద్దది కొంటే అది సాగనే సాగదు. రెండు స్ట్రాప్‌లు కలపాల్సొస్తే మధ్యలో ఇనప షాకిల్ (పిన్ను బిగించి తాళ్లని కలిపే U ఆకారపు కొక్కెం) పెట్టకండి, ఏది తెగినా ఆ షాకిల్ ఎగురుతుంది.

అపోహ: స్పీడు పెంచితే ఒక్క ఊపులో బయటికొచ్చేస్తుంది

వేగం రెట్టింపైతే శక్తి 4 రెట్లవుతుంది. మొదటిసారి మెల్లగానే లాగండి, రాకపోతే ఆపి ఇంకొంచెం తవ్వండి.

అపోహ: వించ్ ఉంటే పార ఎందుకు

చక్రాల మేర దిగబడితే అడ్డుపడే బలం దాదాపు బండి బరువంత ఉంటుందని, ఫెండర్ (చక్రం పైన మడ్‌గార్డు) దాకా దిగితే 2 రెట్లు, క్యాబ్ దాకా అయితే 3 రెట్లు అని మిలిటరీ రికవరీ వాళ్లు లెక్కేస్తారు. పైగా వించ్ మీద రాసిన రేటింగ్ డ్రమ్ మీద మొదటి వరసకే, పైన వరసలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గిపోతుంది. అందుకే ముందు టైర్ల ముందు మట్టి తీసేయండి, ఇసుకైతే గాలి తగ్గించండి, చాలాసార్లు అక్కడితోనే పనైపోతుంది. అప్పటికీ కదలకపోతే స్నాచ్ బ్లాక్ (వించ్ తాడుని వెనక్కి తిప్పే కప్పీ) వేయండి, బలం దాదాపు రెట్టింపవుతుంది.

అపోహ: సింథటిక్ రోప్ తెగినా ఏమీ కాదు

వించ్‌కి వాడే ఈ సింథటిక్ తాడు స్టీల్ కేబుల్ కన్నా తేలిక, ప్రమాదం తక్కువ, అంతవరకు నిజం. కానీ దాని చివర కొక్కెం, షాకిల్ ఇనపవే కదా! తాడు మధ్యలో డ్యాంపర్ (తెగితే తాడు ఎగరకుండా పైన వేసే బరువైన గుడ్డ) వేయండి, చూసేవాళ్లని తాడు పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో, లాగే వరసలో కాకుండా పక్కకి నిలబెట్టండి, బిగిసి ఉన్న తాడుని ఎవర్నీ దాటనివ్వకండి.

షాకిల్ కొనేటప్పుడు దాని ఒంటి మీద అచ్చు చూడండి, ముప్పావు అంగుళం బో షాకిల్ మీద మామూలుగా 4.75 టన్నులని ఉంటుంది, అది సేఫ్‌గా మోయగలిగే లోడు. స్ట్రాప్ మీద రాసేది మాత్రం తెగిపోయే బలం, ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఏ అచ్చూ లేని షాకిల్ ఎంత లావున్నా రికవరీకి తీసుకోవద్దు. వాడాక స్ట్రాప్‌ని మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, కుట్లు ఊడినా అంచు కోసుకుపోయినా దాన్నిక లాగడానికి వాడకండి, సామాను కట్టుకోడానికి ఉంచుకోండి.